టురెట్ టిక్స్ పెరిగాయంటే ముందు తేల్చుకోవాల్సింది ఏమిటి?

ఒంట్లో కదలికలూ గొంతులో శబ్దాలూ మన ప్రమేయం లేకుండా వచ్చే నరాల జబ్బు టురెట్ సిండ్రోమ్. అది ఉన్నవాళ్లు గానీ, వాళ్ల ఇంట్లోవాళ్లు గానీ డాక్టర్ ముందు కూర్చోగానే అనే మొదటి మాట "ఈ మధ్య బాగా ఎక్కువైంది సార్" అని. బయట ఇంకో ముప్పై మంది లైన్లో ఉంటారు. డోసు పెంచడమో, కొత్త గోలీ రాయడమో జరుగుతుంది. ఒక్కోసారి అదే సరైన పని. కానీ చాలాసార్లు ఎక్కువైంది అసలు జబ్బు కాదు. నిద్ర తగ్గి ఉండొచ్చు, వేసుకుంటున్న గోలీయే ఇబ్బంది పెడుతుండొచ్చు, లోపల భయం పెరిగి ఉండొచ్చు, చెప్పాపెట్టకుండా మందు మానేసి ఉండొచ్చు. ఒక్కో కారణానికి ఉపశమనం ఒక్కోలా ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోకుండా వైద్యం వెంట పరుగెత్తితే డబ్బుతోపాటు ఏళ్లు కూడా పోతాయి. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ జబ్బున్న కుటుంబాలు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటున్నాయి. మా చిన్నాయన కొడుక్కి ఈ జబ్బుంది. వాడి దగ్గర చూసినవీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ముందు జబ్బు గురించి క్లుప్తంగా. 1885లో జార్జ్ జిల్ ద లా టురెట్ అనే ఫ్రెంచ్ నరాల డాక్టర్ ఇలాంటి తొమ్మిది మంది రోగుల గురించి వివరంగా రాశాడు. ఆయన గురువు షార్కో ఆ జబ్బుకు శిష్యుడి పేరే పెట్టాడు. శరీరంలో కనీసం రెండు రకాల అసంకల్పిత కదలికలు (కళ్లు కొట్టుకోవడం, మెడ ఎగరేయడం, భుజం కుదపడం లాంటివి), కనీసం ఒక శబ్దం (గొంతు సవరించడం, ముక్కు ఎగబీల్చడం, హుంకరించడం), అవి 18 ఏళ్లలోపే మొదలై ఏడాదికి పైగా ఉండటం, ఇదీ నిర్ధారణకు లెక్క. ఈ కదలికలనూ శబ్దాలనూ టిక్స్ అంటారు. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య మొదలై, పది పన్నెండేళ్ల వయసులో తారస్థాయికి చేరి, యవ్వనంలోకి వచ్చేసరికి చాలామందిలో తగ్గుతాయి. కొందరిలో తగ్గవు. పెద్దయ్యాక మళ్లీ పెరిగేవాళ్లూ ఉన్నారు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. రక్తపరీక్షలో తేలదు, స్కానింగ్‌లోనూ కనిపించదు. డాక్టర్ చూసి, అడిగి తెలుసుకోవాల్సిందే. ఫోన్లో తీసిన చిన్న వీడియో ఎమ్మారై కంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే డాక్టర్ గదిలో కూర్చున్న ఆ పది నిమిషాలు చాలామందికి టిక్స్ రావు. బూతులు రావడమే టురెట్ అని సినిమాలూ రీల్సూ చూసి అనుకుంటారు గానీ, అది ఉండేది నూటికి పది పదిహేను మందిలోనే.

మన దగ్గర పిల్లాడు ఊరికే కళ్లు కొట్టుకుంటే మొదట వెళ్లేది కళ్ల డాక్టర్ దగ్గరికి. గొంతు సవరిస్తే ఈఎన్‌టీ దగ్గరికి. మెడ ఎగరేస్తే "ఫిట్స్ కావచ్చు" అని ఆ గోలీలు. బడిలో "యాక్షన్ చేస్తుండు" అని దెబ్బలు. ఇలా ఏళ్లు గడిచాక గానీ అసలు పేరు వినపడదు. ఫిట్స్‌కూ దీనికీ తేడా పోల్చుకోవడం కష్టం కాదు. టిక్ వచ్చేటప్పుడు మనిషి పూర్తి స్పృహలో ఉంటాడు. కాసేపు బిగబట్టుకోగలడు కూడా.

ఈ బిగబట్టుకోవడం దగ్గరే అపార్థమంతా. ఆపుకోగలుగుతున్నాడంటే కావాలనే చేస్తున్నట్టేగా అని పెద్దలు అనుకుంటారు. నిజానికి టిక్‌కు ముందు లోపల ఒక ఒత్తిడి పుడుతుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టే సలపరం లాంటిది. కాసేపు ఆపొచ్చు, కానీ ఆపినంతసేపూ ధ్యాసంతా దానిమీదే ఉంటుంది. మా తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో వేబ్రిడ్జి దగ్గర పని. లారీ కాంటా మీదికి ఎక్కుతుంది, స్క్రీన్ మీద అంకె నిలబడేదాకా వాడు మెడ కదలకుండా ఉంచుతాడు, దవడ బిగుసుకుంటుంది, ఎడమ చెయ్యి కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంటుంది. చీటీ చింపి డ్రైవర్ చేతిలో పెట్టగానే మెడ ఎడమవైపుకు రెండుసార్లు గుంజుకుంటుంది, మోచెయ్యి పక్కటెముకలకు తగులుతుంది, గొంతులోంచి "హు" అని వస్తుంది. "ఆపుకుంటే లోపలంత గుంజినట్టు ఉంటది అన్నా, లెక్క మీద ధ్యాసే ఉండది" అంటాడు. మెదడు లోతుల్లో కదలికలను ఎంచి వదిలే బేసల్ గాంగ్లియా అనే భాగం ఉంది. అక్కడి సర్క్యూట్లలో, ముఖ్యంగా డోపమైన్ అనే రసాయనం పనితీరులో వచ్చే తేడా దీనికి మూలమని పరిశోధకుల అవగాహన. పెంపకంలో లోపం కాదు, మొండితనమూ కాదు.

ఇక పెరగడం సంగతి. టురెట్ స్వభావమే పెరుగుతూ తరుగుతూ ఉండటం. కొన్ని వారాలో నెలలో విపరీతంగా ఉండి, దానంతటదే తగ్గుతుంది. ఒక టిక్ పోయి దాని చోట ఇంకోటి వస్తుంది. ఇది తెలియకపోతే ఎవరైనా మోసపోతారు, ఎందుకో చూడండి. మనం సాయం కోసం బయల్దేరేది ఎప్పుడు? బాగా ఎక్కువైనప్పుడే. చెరువుగట్టులో అమావాస్య నాడు నిద్ర చేస్తాం, జాన్‌పహాడ్ దర్గాకు పోతాం, తాయెత్తు కట్టిస్తాం, హైదరాబాద్‌లో కొత్త డాక్టర్‌ను కలుస్తాం. ఆ తర్వాత నెలకు టిక్స్ తగ్గుతాయి. ఏమీ చేయకపోయినా చాలామందికి తగ్గేవే, కానీ ఆ పుణ్యం చివరగా చేసిన పనికి దక్కుతుంది. మళ్లీ పెరిగితే "మొక్కు తీర్చలేదు" అనో, "గోలీ పవర్ సరిపోతలేదు" అనో అనుకుంటాం. దేవుడి దగ్గరికి వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. గట్టు మీద కూర్చున్నాక మనసు కుదుటపడితే టిక్స్ తగ్గడమూ నిజమే. నా బాధంతా దయ్యం పేరుతో కొట్టడం, వాతలు పెట్టడం, నడుస్తున్న మందులు మాన్పించడం గురించే. మందు పనిచేస్తోందా లేదా అన్నది కూడా ఒక వారం చూసి తేల్చకూడదు. క్యాలెండర్‌లో రోజూ సాయంత్రం సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేస్తూ, నిద్ర ఎన్ని గంటలో పక్కన రాస్తే రెండు మూడు నెలలకు జబ్బు పోకడ కళ్లకు కడుతుంది.

మా తమ్ముడి క్యాలెండర్‌లో తేలింది ఇదే. యాసంగి కోతలప్పుడు లారీలు రాత్రంతా క్యూ కడతాయి. అంకెలు ఎనిమిదికి తక్కువ ఉండవు. నిద్ర లేకపోవడం, అలసట, టెన్షన్ టిక్స్‌ను పెంచుతాయని టురెట్ ఉన్న ఎవరినడిగినా చెబుతారు. సంతోషం కూడా పెంచుతుందన్నదే ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. పెళ్లిలో, పండగలో, చెల్లెలు ఊరినుంచి వచ్చినప్పుడు పిల్లాడికి ఎక్కువైతే "ఇప్పుడేం బాధరా నీకు" అంటారు. బాధ కాదు, ఉత్సాహం. ఇంకోటి వేడి. కొందరిలో శరీరం వేడెక్కితే టిక్స్ పెరుగుతాయని వైద్య పత్రికల్లో నమోదైంది. మే నెలలో నల్లగొండ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. రేకుల గదిలో మధ్యాహ్నం డ్యూటీ చేసే మనిషికి డోసు పెంచే ముందు కూలర్ పెట్టి, షిఫ్టు మార్చి చూడటం వెర్రి ఆలోచనేం కాదు. మా వాడి యజమాని రాత్రి డ్యూటీని వారానికి రెండుకు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. ఆ సీజన్లో గోలీ మారలేదు, అంకె ఐదుకు వచ్చింది.

కొన్నిసార్లు పెరుగుదల మందులోంచే వస్తుంది. టిక్స్‌కు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందులు డోపమైన్‌ను అడ్డుకుంటాయి. వాటివల్ల కొందరికి లోపల తట్టుకోలేని అలజడి మొదలవుతుంది. కూర్చోలేరు, నిలబడలేరు, కాళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి. దీన్ని అకతీసియా అంటారు. చూసేవాళ్లకు టిక్స్ పెరిగినట్టే ఉంటుంది. డోసు పెంచితే ఇంకా ముదురుతుంది. తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "ఒక్కో కదలికకు ముందు ఆ గుంజుడు వచ్చి, అది అయ్యాక నిమ్మళమైతుందా, లేక ఎంత కదిలినా నిమ్మళం లేదా?" రెండోదైతే డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే మెడ ఒకవైపు బిగుసుకుపోవడం, నాలుక మెలిక తిరగడం, కనుగుడ్లు పైకి పోవడం కూడా ఈ మందులతో జరుగుతాయి. భయంకరంగా కనిపించినా ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుంది. చేతబడి అని ఊళ్లో ప్రచారమయ్యేది ఎక్కువగా ఇలాంటివే. ఏళ్లతరబడి వాడినవాళ్లలో నోరు, నాలుక వాటంతటవే నమిలినట్టు కదలడం మొదలైతే అది వేరే సమస్య, దాన్ని కొత్త టిక్ అనుకోకూడదు. ఇక మందు ఒక్కసారిగా మానేస్తే టిక్స్ మునుపటికంటే ఎగసిపడొచ్చు. టిక్స్‌కు ఇచ్చే ఇంకో మందు క్లోనిడిన్ అయితే బీపీ కూడా ప్రమాదకరంగా పెరగొచ్చు. స్టాక్ లేదనో, పండక్కి ఊరెళ్లామనో నాలుగు రోజులు ఆపేసి "ఎక్కువైంది" అని వచ్చేవాళ్లు తక్కువ కాదు.

కల్లు గురించి చెప్పకుండా మన ప్రాంతంలో ఈ విషయం పూర్తికాదు. సాయంత్రం రెండు సీసాలు తాగితే టిక్స్ తగ్గుతున్నాయని చెప్పే యువకులు ఉన్నారు. మన జిల్లాల్లో చాలాచోట్ల దొరికేది చెట్టుకల్లు కాదు, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ కలిపిన మందుకల్లు. అవి మత్తు మందులు, ఆ పూటకు టిక్స్ తగ్గినట్టు అనిపించడంలో వింతేం లేదు. అలవాటు పడ్డాక ఒక్కరోజు దొరక్కపోతే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ దాకా పోతుంది. కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రి ఇలాంటి మనుషులతో నిండిపోవడం అందరూ చూశారు. టురెట్ ఉన్న మనిషిలో ఇదంతా "జబ్బు ముదిరింది"గానే లెక్కలోకి వస్తుంది. డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా చెప్పాల్సిన మొదటి విషయం ఇదే. ఇంట్లో బలవంతంగా ఒక్కసారి మాన్పించడం ప్రమాదం, ఆసుపత్రి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఇంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. టురెట్ ఒంటరిగా రావడం అరుదు. ఎక్కువమందికి ఏడీహెచ్‌డీ (కుదురూ ధ్యాసా నిలవకపోవడం) గానీ, ఓసీడీ (వదలని ఆలోచనలతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం) గానీ, ఆందోళన గానీ తోడుంటాయి. చాలామందిని మంచాన పడేసేది టిక్స్ కాదు, ఇవే. తలుపు గడియ సరిగ్గా పడ్డట్టు అనిపించేదాకా ఇరవైసార్లు వేసి తీయడం, ఒక భుజం గోడకు తగిలితే రెండోదీ తగిలించాలనిపించడం టిక్‌కూ ఓసీడీకీ సరిహద్దులో ఉండే పనులు. వీటికి టిక్స్ మందు పెంచితే ఫలితం ఉండదు. ఓసీడీకి మందులు వేరు, కౌన్సెలింగ్ పద్ధతి వేరు. కాబట్టి "దేనివల్ల నీ రోజు పాడవుతోంది?" అని అడిగితే వచ్చే జవాబును బట్టి వైద్యం మొదలుపెట్టాలి. మెడ గుంజుకోవడం కంటే బస్సులో అందరూ చూస్తారన్న భయమే ఎక్కువ బాధపెడుతుంటే, ముందు ఆ భయానికి చికిత్స చేయాలి.

కొన్ని పెరుగుదలలు అసలు టురెట్‌వే కావు. పదిహేను ఇరవై ఏళ్ల వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే పెద్దపెద్ద చేతి కదలికలు, బూతు మాటలతో మొదలయ్యే ఫంక్షనల్ టిక్స్ 2020 తర్వాత ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించాయి. అది నటన కాదు, బాధ నిజమైనదే, కానీ డోపమైన్‌ను అడ్డుకునే మందులకు లొంగదు. టురెట్ ఉన్నవాళ్లకే ఇది అదనంగా తోడవడమూ ఉంది. ఇక పెద్దవయసులో జీవితంలో మొదటిసారి టిక్స్ లాంటివి వస్తే న్యూరాలజిస్టు వేరే కారణాలు వెతకాల్సిందే.

మెడ టిక్స్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్లతరబడి మెడను బలంగా విదిలిస్తే అరుదుగా వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. చేతులు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, నడకలో తూలడం కనిపిస్తే ఆ వారమే చూపించుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరాల్లో వెన్నెముక బిగుసుకుపోయి, నరాల దారి ఇరుకైన మనుషులు ఉన్నారు. అలాంటి వెన్నుకు మెడ టిక్స్ తోడైతే ఇంకా జాగ్రత్త కావాలి. ఫ్లోరోసిస్ పళ్లనూ ఎముకలనూ పట్టే జబ్బు, టిక్స్ దాని లక్షణం కాదు. కానీ "అంతా ఫ్లోరైడ్ వల్లనే" అని సర్దుకుని మెడను పట్టించుకోకపోవడం అన్యాయం.

ఉపశమనం విషయానికొస్తే, 2019లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ ఇచ్చిన మార్గదర్శకాలు మందుల కంటే ముందు ప్రవర్తన చికిత్సను ప్రయత్నించమన్నాయి. దాన్ని సీబిట్ అంటారు. 2010లో వచ్చిన అధ్యయనంలో 126 మంది పిల్లలకు పది వారాల్లో ఎనిమిది సెషన్లు ఇస్తే సీబిట్ పొందినవాళ్లలో సగానికి కొంచెం పైగా, 52.5 శాతం మంది బాగా మెరుగయ్యారు. మామూలు కౌన్సెలింగ్‌తో అది 18.5 శాతమే. పెద్దవాళ్ల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో సీబిట్‌తో 38 శాతం, మామూలు కౌన్సెలింగ్‌తో 6 శాతం. అందరికీ పనిచేయదని ఈ అంకెలే చెబుతున్నాయి, కానీ దుష్ప్రభావాలు లేని చికిత్సకు ఇది చిన్న ఫలితం కాదు.

చేసేది ఏమిటంటే, మొదట ఒక్క టిక్‌ను ఎంచుకుంటారు, ఎక్కువ బాధపెట్టేదాన్ని. దాని ముందు ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తుందో గుర్తుపట్టడం నేర్పుతారు. మా తమ్ముడికి ఎడమ చెవి కింద, మెడ మొదట్లో గట్టిపడినట్టు అనిపించేది. అంతకుముందు ఏళ్లుగా ఉన్నా ఎప్పుడూ గమనించలేదు. ఆ గుర్తు రాగానే టిక్‌కు వీలులేని ఇంకో పని చేయాలి: గడ్డం కొద్దిగా కిందికి దించి, మెడ కండరాలను సున్నితంగా బిగించి, ముక్కుతో నెమ్మదిగా శ్వాస తీస్తూ, ఒక నిమిషం లేదా ఆ ఒత్తిడి పోయేదాకా. శబ్దాల టిక్‌కైతే నోరు మూసి లయగా ముక్కుతో శ్వాస. మొదటి వారాలు విసుగుపుడుతుంది. ఒత్తిడి వచ్చినా కదలకుండా దాటించగలనని మెదడుకు అలవాటవుతున్నకొద్దీ ఆ ఒత్తిడే బలహీనపడుతుంది. బిగబట్టింది తర్వాత రెట్టింపై బయటికి వస్తుందని చాలామంది భయపడతారు గానీ, ప్రయోగాల్లో అది నిజమని తేలలేదు.

ఈ చికిత్సలో ఇంటివాళ్లకు కూడా పనుంటుంది. టిక్ వచ్చినప్పుడల్లా "ఊకె ఎందుకట్ల గుంజుతవ్" అనడం, లేదా జాలిపడి హోంవర్క్ మాన్పించడం, రెండూ తెలియకుండానే టిక్స్‌ను పెంచుతాయి. టిక్‌ను పట్టించుకోకుండా మాటను కొనసాగించాలి, పని ఆగకూడదు.

ఇబ్బందల్లా నేర్పేవాళ్లు దొరకడమే. జిల్లాల్లో క్లినికల్ సైకాలజిస్టులే తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీలో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి బీబీనగర్ ఎయిమ్స్‌కో, పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీకో, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో రాయించుకోవడం మంచి దారి. ఎర్రగడ్డ పేరు వింటేనే వెనకడుగు వేస్తారు, సంబంధాలు రావని. ఆ భయం వల్ల కోల్పోయేది ఎక్కువ. ఇంగ్లండ్‌లో 224 మంది పిల్లల మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనం ఆన్‌లైన్ ప్రవర్తన చికిత్సకూ ఫలితముందని చూపింది. కాబట్టి దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉన్నా, శిక్షణ ఉన్న సైకాలజిస్టు ఆన్‌లైన్‌లో దొరికితే చాలు.

మందులు ఎప్పుడు? టిక్స్ నొప్పి పుట్టిస్తుంటే, దెబ్బలు తగులుతుంటే, చదువూ ఉద్యోగమూ ఆగిపోతుంటే. క్లోనిడిన్ సాధారణంగా మొదటి మెట్టు, మగత తెస్తుంది. అరిపిప్రజోల్‌కు 2014లో అమెరికాలో పిల్లల టురెట్ కోసం అనుమతి వచ్చింది. రిస్పెరిడోన్‌తో ఆకలి, బరువు పెరుగుతాయి, కాబట్టి బరువు, షుగర్ చూసుకుంటూ ఉండాలి. ఒకే చోట బలంగా వచ్చే టిక్‌కు, ఉదాహరణకు మెడకో కనురెప్పకో, బోటాక్స్ ఇంజెక్షన్ సుమారు మూడు నెలలు సాయపడుతుంది. ఏ మందుకూ లొంగని తీవ్రమైన కేసుల్లో మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ సర్జరీ 1999 నుంచి ఉంది, అతి కొద్దిమందికే అది అవసరం. ఏ మందూ టిక్స్‌ను పూర్తిగా తుడిచేయదు. వాటిని మూడో వంతో సగమో తగ్గించి, మనిషి పని చేసుకోగలిగితే డాక్టర్లు అది మంచి ఫలితమే అంటారు. సున్నా కోసం డోసు పెంచుతూ పోతే పగలంతా మత్తులో ఉండే మనిషి మిగులుతాడు. మా ఇంట్లో ఒక ఆరు నెలలు అలాగే గడిచాయి.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, లేదా కళ్లకో తలకో దెబ్బ తగిలేలా టిక్స్ వస్తుంటే ఆలస్యం చేయొద్దు. టెలీ మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. టిక్స్ మందు వేసుకునేవాళ్లకు తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుపోవడం, మాట తడబడటం కలిసి వస్తే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

చివరిగా, సంబంధాలు చూసేటప్పుడు అందరూ గుసగుసగా అడిగే ప్రశ్న: పిల్లలకు వస్తుందా? వంశపారంపర్య పాత్ర బలంగానే ఉంది, అవకాశం మామూలు కంటే ఎక్కువే. కానీ ఒక్క జన్యువుతో తేలే జబ్బు కాదు, తప్పకుండా వస్తుందని లేదు. వచ్చినా తండ్రికి ఉన్నంత తీవ్రంగా రావాలని లేదు, కొందరిలో కళ్లు కొట్టుకోవడంతోనే ఆగిపోతుంది. పెళ్లికి ముందే ఈ మాట చెప్పడం మంచిది. మా తమ్ముడు అలాగే చెబుతున్నాడు, మొదటి కలయికలోనే, ఫోన్లో తన వీడియో చూపించి. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోవాళ్లు వాడి క్యాలెండర్ చూడాలని అడిగారు.